గీజర్ ఆగడం లేదా? శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మన జిల్లాల్లో గీజర్‌కి ఏడాది మొత్తంలో పని ఉండేది మూడు నాలుగు నెలలే. కార్తీక మాసంలో మొదలై, ధనుర్మాసం చలిలో రోజూ తెల్లవారుజామునే వెలిగి, శివరాత్రి దాటాక మూలన పడుతుంది. నెలల తరబడి ఖాళీగా ఉన్న సామాను ఒక్కసారిగా రోజూ వాడతాం కాబట్టి తేడాలన్నీ ఆ చలికాలంలోనే బయటపడతాయి. నేను విజయనగరంలో గీజర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. గీజర్ వేడెక్కడం లేదని ఫోన్ చేసేవాళ్లు వెంటనే రమ్మంటారు. ఆగడం లేదని చెప్పేవాళ్లు మాత్రం వీలు చూసుకుని రమ్మంటారు. నిజంగా తొందరపడాల్సింది ఈ రెండోవాళ్లే. వేడెక్కని గీజర్ వల్ల ఆ పూట స్నానం చన్నీళ్లతో అవుతుంది, అంతకు మించి నష్టం లేదు. ఆగని గీజర్ మనిషి ప్రాణం మీదికి తెస్తుంది.

గీజర్ ఆగకుండా కాగుతూనే ఉంది. ముందు ఏం చేయాలి?

బాత్‌రూమ్ స్విచ్ ఆపి ఊరుకోకుండా, ఇంటి బోర్డులో గీజర్‌ ఎంసీబీని (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్‌ని) దించేయండి. ఏది గీజర్‌దో తెలియకపోతే మెయిన్ ఆపేయండి. చేతులు పొడిగా ఉండాలి, కాళ్లకి చెప్పులు ఉండాలి.

ఆ తర్వాత చాలామంది వేడి నీళ్ల కుళాయి తిప్పి లోపలి వేడి వదిలేద్దామనుకుంటారు. అది చేయకండి. మూసి ఉన్న ట్యాంకులో ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కాకుండా నీళ్లలాగే ఉంటాయి. కుళాయి తిప్పగానే ఒత్తిడి పడిపోయి, అవి ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతాయి. ముఖం మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లోపల గుడగుడ శబ్దం వస్తున్నా, సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే నీళ్లను బయటికి వదిలేది) దగ్గర ఆవిరి కనిపిస్తున్నా బాత్‌రూమ్ తలుపు మూసి బయటికి వచ్చేయండి. పిల్లల్ని అటు పోనివ్వకండి. చన్నీళ్లు వచ్చే గేట్‌వాల్వ్ కూడా కట్టేయకండి. కరెంటు ఆగితే చాలు, అది తనంతట తానే చల్లారుతుంది. ట్యాంకు చుట్టూ ఫోమ్ ఉంటుంది కాబట్టి చాలా గంటలు పడుతుంది. మర్నాటిదాకా వదిలేయడం మంచిది.

అది నిజంగా ఆగడం లేదా, లేక మామూలుగానే పనిచేస్తోందా? ఎలా తెలుస్తుంది?

గడియారం పెట్టి చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 15 లీటర్ల గీజర్‌లో 2000 వాట్ల ఎలిమెంట్ (నీళ్లను కాచే కడ్డీ) ఉంటుంది. నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావడానికి దానికి సుమారు 20 నిమిషాలు చాలు. 25 లీటర్లదైతే అరగంటకు కాస్త పైన. ఈలోగా ఎవరూ నీళ్లు వాడకపోతే వేడి చేస్తున్నట్టు చూపే దీపం ఆరిపోవాలి. కొన్నిటికి రెండు దీపాలు ఉంటాయి. ఒకటి కరెంటు వచ్చిందని చెప్పేది, అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడేవాళ్లు చాలామంది.

దీపం మీద నమ్మకం లేకపోతే మీటర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఫ్రిజ్, మోటారు, ఏసీ అన్నీ ఆపి గీజర్ ఒక్కటే ఉంచితే, వేడెక్కుతున్నంతసేపూ మీటర్ మీది చిన్న ఎర్ర లైటు చకచకా కొట్టుకుంటుంది. గీజర్ కట్ అయితే ఆ వేగం బాగా తగ్గిపోతుంది. నీళ్లు వాడకుండా గంట గడిచినా అదే వేగంతో కొట్టుకుంటుంటే నీళ్లు కాగగానే కరెంటు తెంచాల్సిన థెర్మోస్టాట్ పని చేయడం లేదన్నమాట.

సంక్రాంతికి చుట్టాలు వచ్చి ఒకరి తర్వాత ఒకరు స్నానాలు చేస్తున్నప్పుడు మాత్రం గీజర్ గంటల తరబడి ఆగదు. ఆగకూడదు కూడా. తీసిన ప్రతి బకెట్టుకీ లోపలికి కొత్తగా చన్నీళ్లు వస్తుంటాయి.

థెర్మోస్టాట్ ఎందుకు పాడవుతుంది?

దాని పని ఒక్కటే. నీళ్లు పెట్టిన వేడికి రాగానే లోపలి రెండు పాయింట్లను విడదీయాలి, చల్లారాక మళ్లీ కలపాలి. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్ల కరెంటు. పాయింట్లు విడిపోయే ప్రతిసారీ వాటి మధ్య చిన్న మెరుపు వస్తుంది. ఏళ్ల తరబడి ఆ మెరుపులకి పాయింట్ల మొహాలు కరిగి, గరుకుదేలి, చివరికి ఒకరోజు వెల్డింగ్ పెట్టినట్టు అతుక్కుపోతాయి. పాడైన థెర్మోస్టాట్ విప్పి చూస్తే ఆ నల్లటి మచ్చ, పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరగడం స్పష్టంగా కనిపిస్తాయి.

కొన్నిటిలో నీటి వేడిని పసిగట్టడానికి సన్నని రాగి గొట్టంలో ద్రవం ఉంటుంది. ఆ గొట్టం ఎక్కడైనా చిట్లి ద్రవం కారిపోతే దానికి వేడి తెలియదు, ఇక ఎప్పటికీ కట్ చేయదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో తంటా ఉంది. ఉప్పు నీళ్ల వల్ల ఎలిమెంట్ మీద, థెర్మోస్టాట్ గొట్టం మీద తెల్లటి సున్నం పొరలా కట్టేస్తుంది. ఆ పొర దాటి వేడి చేరేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి గీజర్ ఆలస్యంగా ఆగుతుంది, నీళ్లు సలసల కాగిపోతాయి. బారువ, కళింగపట్నం, చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లకు చిలుము పట్టడం కూడా మామూలే. అక్కడ రెండేళ్లకోసారైనా కవర్ విప్పించి చూపించుకోవాలి.

స్విచ్ ఆఫ్ చేసినా నీళ్లు వేడిగానే వస్తున్నాయి. ఇదేం మాయ?

ముందు మామూలు కారణాలు చూద్దాం. మంచి గీజర్‌లో పొద్దున కాగిన నీళ్లు మధ్యాహ్నానికి కూడా వెచ్చగానే ఉంటాయి, అది దాని గొప్పతనం. మేడ మీద ఇంకో గీజరో సోలారో ఉండి, రెండు లైన్లూ కలిసి ఉంటే అక్కడి వేడి నీళ్లు ఇక్కడికి వస్తాయి. అలాగే ఫ్యాను స్విచ్ లాంటి చిన్న స్విచ్‌కి గీజర్ తగిలిస్తే, స్విచ్ లోపలే పాయింట్లు అతుక్కుపోతాయి. బయట మీట ఆఫ్‌లో ఉన్నా లోపల ఆన్‌లోనే ఉంటుంది. గీజర్‌కి కనీసం 16 ఆంపియర్ల స్విచ్ ఉండాలి. ఫేజు (కరెంటు తెచ్చే వైరు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రెండింటినీ ఒకేసారి తెంచే డీపీ స్విచ్ అయితే ఇంకా మంచిది.

ఇవేవీ కాకపోతే అసలు ప్రమాదం వేరే ఉంది, దీన్ని కాస్త ఓపికగా చదవండి. వైరింగ్ చేసేటప్పుడు స్విచ్ ఎప్పుడూ ఫేజు వైరుకే పెట్టాలి. పాత ఇళ్లలో, తొందరలో చేసిన వైరింగుల్లో అది న్యూట్రల్‌కి పడుతుంది. అప్పుడు కూడా స్విచ్ ఆపితే గీజర్ ఆగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఫేజు తిన్నగా వెళ్లి ఎలిమెంట్ దగ్గర కాచుకుని ఉంటుంది. కొన్నాళ్లకి ఎలిమెంట్ పైగొట్టం తుప్పుపట్టి సన్నని చిల్లు పడిందనుకోండి, న్యూట్రల్ దారి మూసుకున్నా కరెంటుకి నీళ్లలోంచి, ట్యాంకులోంచి, ఎర్త్ వైరులోకి ఇంకో దారి దొరుకుతుంది. ఆ కరెంటు తక్కువైతే ఎంసీబీ పడదు. ఎంసీబీ మోయలేనంత లోడుకీ షార్టుకీ మాత్రమే పడుతుంది. ఎలిమెంట్ అలా నిమ్మదిగా కాలుతూ రాత్రంతా నీళ్లను నులివెచ్చగా ఉంచుతుంది. ఎర్త్ సరిగా ఉంటే నష్టం బిల్లుతో పోతుంది. ఎర్త్ తెగి ఉంటే ఆ కరెంటు స్నానం చేసే మనిషి ఒంట్లోంచి భూమిలోకి వెళ్తుంది.

స్విచ్ ఆపాక కూడా ప్లగ్ పాయింటులో టెస్టర్ వెలిగితే ఫేజు తెగడం లేదని అర్థం. ఆ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, అది సరిచేసేదాకా ఎంసీబీ దించే ఉంచండి.

లోపల కటౌట్ అని ఇంకోటి ఉంటుందట కదా. థెర్మోస్టాట్ పోయినా అది ఆపదా?

ఆపుతుంది. అందుకే పెట్టారు. థెర్మోస్టాట్ అతుక్కుపోయి నీళ్లు 90 డిగ్రీల అటూ ఇటూ వెళ్తే కటౌట్ కరెంటు తెంచేస్తుంది. చాలా గీజర్లలో ఒకసారి తెంచాక మనిషి వచ్చి చిన్న బటన్ నొక్కేదాకా మళ్లీ కలపదు. అలా ఆగిన గీజర్‌ని చూసి ఇంటివాళ్లు "వేడెక్కడం లేదు" అని మెకానిక్‌ని పిలుస్తారు. అతను బటన్ నొక్కి వెళ్లిపోతాడు. నాలుగు రోజులకి మళ్లీ ఆగుతుంది. రెండోసారి వచ్చినప్పుడు చేతిలో స్పేర్ ఉండదు, పండగ రోజులు, ఇంటి నిండా జనం. అప్పుడు జరిగేదే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే పని. కటౌట్ రెండు టెర్మినళ్ల మధ్య చిన్న వైరు ముక్క వేసి, దాని మీద టేపు చుట్టేసి "డైరెక్ట్ చేసేశాను, ఇక ఇబ్బంది ఉండదు" అంటారు.

నిజమే, ఇక అది ఎప్పటికీ ఆగదు. లెక్క చూడండి. థెర్మోస్టాట్ లేదు, కటౌట్ లేదు. 15 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్లు మరగడానికి 40 నిమిషాలు చాలు. 25 లీటర్లదైతే గంటా ఐదు నిమిషాలు. మిగిలిన కాపలా ఒక్క సేఫ్టీ వాల్వ్. అది కూడా సున్నం పట్టి మొరాయిస్తే ఆ ట్యాంకు పేలుతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే 1600 రెట్లకు పైగా చోటు కావాలి. ఆ బలానికి బాత్‌రూమ్ గోడ నిలవదు.

అన్నం పెట్టే పని కాబట్టి మెకానిక్ సోదరులకి కూడా చెబుతున్నాను. స్పేర్ దొరక్కపోతే గీజర్ ఆపేసి, రెండు రోజులు ఆగమని చెప్పండి. ఇంటివాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. మీ ఇంట్లో ఎవరైనా ఇలా డైరెక్ట్ చేసి వెళ్లారని తెలిస్తే, ఈ రోజే ఆ గీజర్ వాడకం ఆపండి.

సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. ప్లంబర్ అది తీసి డమ్మీ మూత పెట్టేస్తానంటున్నాడు.

పెట్టనివ్వకండి. కుక్కర్ వెయిట్ తీసేసి ఆ రంధ్రానికి మేకు కొడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

వేడెక్కేటప్పుడు నీళ్లు వ్యాకోచిస్తాయి. 25 నుంచి 60 డిగ్రీలకు వస్తే 15 లీటర్ల నీళ్లు సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతాయి, అంటే ఒక గ్లాసెడు. అవి వాల్వ్ లోంచి చుక్కలుగా పడటం సహజం. ఆ చుక్కలు తల మీద పడకుండా చిన్న పైపు తగిలించి కిందికి దింపుకోండి, చివర మాత్రం తెరిచి ఉంచండి. గీజర్ చల్లగా ఉన్నప్పుడు కూడా ధార కడుతుంటే వాల్వే పాడైంది, కొత్తది వేయించండి. పొగలు కక్కుతూ మరిగే నీళ్లు వస్తుంటే థెర్మోస్టాట్ పోయింది, మొదటి ప్రశ్నలో చెప్పినట్టు చేయండి.

కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోంది.

ఆ బాత్‌రూమ్‌లో ఎవరూ స్నానం చేయకూడదు. ఎలిమెంట్ లీకవుతోంది, ఎర్త్ కూడా లేదు. రెండూ బాగుచేయించాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే అదీ పెట్టించండి. మనిషి ఒంట్లోకి వెళ్లబోయే కరెంటుని చూసి రెప్పపాటులో పడిపోయేది అదొక్కటే. పెరట్లో ఎర్తింగ్ గొయ్యి ఎక్కడుందో తెలుసుకుని, ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండండి. ఇసుక నేలలు ఎండిపోతే ఎర్త్ బలహీనపడుతుంది.

మాది 3 లీటర్ల ఇన్‌స్టంట్. చిన్నదే కదా, దానికీ ఇంత జాగ్రత్త కావాలా?

దానికే ఎక్కువ కావాలి. నీళ్లు మూడు లీటర్లు, ఎలిమెంట్ 3000 వాట్లు. థెర్మోస్టాట్, కటౌట్ రెండూ పనిచేయకపోతే ఐదారు నిమిషాల్లో నీళ్లు మరుగుతాయి. అంటే మీరు ఆన్ చేసి తువ్వాలు వెతుక్కునే లోపే. వాడేటప్పుడు ఆన్, అవగానే ఆఫ్ అన్న అలవాటు ఇంట్లో అందరికీ ఉండాలి.

గ్యాస్ గీజర్‌లో కుళాయి కట్టేసినా మంట ఆరడం లేదు.

సిలిండర్ రెగ్యులేటర్ ఆపేయండి, వెంటనే. నీళ్ల ఒత్తిడికి కదిలే రబ్బరు పొర ఒకటి గ్యాస్ దారిని తెరిచి మూస్తుంది. అది బిగుసుకుపోతే నీళ్లు ఆగినా మంట ఆగదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ గీజర్ మూసిన బాత్‌రూమ్ లోపల అసలు ఉండకూడదు. మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. లోపలున్న మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది.

తుఫాను తర్వాత కరెంటు వచ్చినప్పటి నుంచి గీజర్ తేడాగా ఉంది.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. స్తంభాలు పడిపోయి లైన్లు మళ్లీ లాగాక వోల్టేజీ కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. న్యూట్రల్ ఎక్కడైనా వదులుగా ఉంటే 230 వోల్టులు రావాల్సిన చోట చాలా ఎక్కువ రావచ్చు. వోల్టేజీ 280కి వెళ్తే ఎలిమెంట్ మీద భారం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. థెర్మోస్టాట్ పాయింట్లు అతుక్కుపోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. దీనికి తోడు ఆ రోజుల్లో మేడ మీద ట్యాంకులో నీళ్లుండవు. కరెంటు వచ్చిందన్న ఆనందంలో స్విచ్ వేస్తే ఖాళీ గీజర్ కాలిపోతుంది.

తుఫాను హెచ్చరిక రాగానే గీజర్ ఎంసీబీ దించేయండి. కరెంటు వచ్చాక లైట్లు ఒకచోట మరీ ఎక్కువగా, ఇంకోచోట గుడ్డిగా వెలుగుతుంటే మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. వేడి నీళ్ల కుళాయి తిప్పి, ధార నిండుగా వస్తోందని చూశాకే గీజర్ వేయండి.

రాత్రంతా ఆగకపోతే బిల్లు ఎంత పెరుగుతుంది?

గంటకు 2 యూనిట్లు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 16 యూనిట్లు. అయితే అన్ని గంటలు ఆగకుండా కాలిన గీజర్ విషయంలో బిల్లు గురించి ఆలోచించే ముందు, పై జవాబులన్నీ ఇంకోసారి చదవండి.

మెకానిక్ వస్తే ఏం అడగాలి? ఏం మార్పించాలి?

థెర్మోస్టాట్, కటౌట్ రెండూ కలిపి మార్చమనండి. ఒకటి పాడయ్యేదాకా రెండోది ఎంత వేడి భరించిందో ఎవరూ చూడలేదు. పాత ముక్కలు మీ చేతికి ఇమ్మనండి. ఎలిమెంట్ బయటికి తీయించి సున్నం గీకించండి, లేదా మరీ పెచ్చులు కట్టి ఉంటే మార్పించండి. దాని పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. ట్యాంకుకి పట్టాల్సిన తుప్పుని అది తన మీదికి తీసుకుంటుంది, అందుకే అది అరిగిపోతుంది. పెన్ను రీఫిల్ అంత సన్నబడితే కొత్తది కావాలి. వదులైన టెర్మినళ్లు, నల్లబడ్డ వైర్లు ఉంటే అక్కడికక్కడే కోయించి కొత్తవి వేయించండి.

పని అయ్యాక డబ్బులిచ్చి పంపేయకండి. గీజర్ ఆన్ చేయించి, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. దీపం ఆరడం, కాసిన్ని నీళ్లు వదిలాక మళ్లీ వెలగడం మీ ఇద్దరి కళ్ల ముందూ జరగాలి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు.

అద్దె ఇల్లు. ఓనరు గారు వారం తర్వాత చూద్దామంటున్నారు.

ఎంసీబీ దించి, దాని మీద కాగితం అంటించండి. విషయం మెసేజ్‌లో రాసి పంపండి, ఫోటోతో సహా. ఆ వారం పొయ్యి మీద నీళ్లు కాచుకోండి. హీటర్ రాడ్డు వాడితే ప్లాస్టిక్ బకెట్టులో పెట్టి, ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోండి. రాడ్డుకి థెర్మోస్టాట్ అనేదే ఉండదు. పిల్లల స్నానానికి బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాత వేడి నీళ్లు పోయండి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా కొద్ది సెకన్లలోనే కాలుస్తాయి.

మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే. వాళ్లకి ఇదంతా ఎలా చెప్పాలి?

ఇది అడిగేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. పలాస, టెక్కలి, చీపురుపల్లి, రాజాం, ఎక్కడ చూసినా పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లే. వాళ్లకి ఎలిమెంటు, కటౌటు అని చెప్పక్కర్లేదు. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు మీరే కొన్ని పనులు చేసి రండి. గీజర్ స్విచ్ బాత్‌రూమ్ బయట, చేతికి అందే ఎత్తులో ఉండాలి. బోర్డులో గీజర్ ఎంసీబీ పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో "గీజర్" అని రాయండి. వేడి పెంచి తగ్గించే తిప్పుడు ఉంటే 50 డిగ్రీల దగ్గర పెట్టండి. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి అది పడుతుందో లేదో చూడండి. పడకపోతే మార్పించే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. ఆ తర్వాత గీజర్ బాగున్నప్పుడే ఇద్దరి చేతా ఒక్కోసారి ఎంసీబీ దింపించి, మళ్లీ ఎక్కించండి. నాన్నకి ఒక్కరికే చూపిస్తే సరిపోదు. ఆయన బజారుకి వెళ్లినప్పుడు ఇంట్లో ఉండేది అమ్మే.